షలబీ కుర్చీలకు కట్టిన తాడు

కూర్చో హమ్‌దీ. ఆ ప్లాస్టిక్‌ది లాక్కో, ఈ చెక్కది కాదు, ఇది షలబీది. పెళ్లికి కుర్చీలు కావాలని కదా వచ్చావు, ఇస్తాలే, ముందు టీ తాగు. కాని తాళ్లు కట్టొద్దంటావేమిట్రా? ఏమిటీ, "చుట్టాలొస్తున్నారు, పశువులు కాదు" అన్నాడా నీ కాబోయే మామ? కైరో మనిషి, ఆయనకేం తెలుసు. మన దుమ్యాత్‌లో కుర్చీ అంటే ఏమిటో షలబీ చెబితే వినాలి. నాకు ముందు ఈ అద్దెకుర్చీల కొట్టు ఆయనదే. పోయి నలభై ఏళ్లయినా ఆ ముక్కు గొంతు నా చెవిలోనే ఉంది. "ఒరేయ్ తుహామీ, మనవాడు పుట్టేది మంత్రసాని కుర్చీలో. మీసాలొచ్చాక కాఫీకొట్లో కూచుని ఒక కుర్చీ పట్రా అంటే వాడి ముందుకొచ్చేది హుక్కా చిలుం, దాని పేరూ కుర్చీయే. ఊరిపెద్దయితే కుర్చీ ఎక్కాడంటారు, ఆ పెద్దరికం పోతే కుర్చీ పోయిందంటారు. భయమేస్తే వాడు చదువుకునేదీ ఖురాన్‌లో కుర్సీ ఆయతే. చివరికి వాడు పోతే జనమొచ్చి కూచునేది నా కుర్చీల్లో. మరి నన్నెవడూ లెక్కచెయ్యడేంట్రా" అనేవాడు. అని తనే నవ్వేవాడు, పళ్లు లేకుండా. పళ్లు ఎలా పోయాయో అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు.

అసలు సంగతి వేరే. పచ్చగా జరుగుతున్నదాన్ని ఎవడైనా చెడగొడితే "లైటుకు కుర్చీ విసిరాడు" అంటారా లేదా మీ కుర్రాళ్లు? మీకది ఉత్త మాట. మా రోజుల్లో నిజంగానే విసిరేవాళ్లు. పందిరి మధ్యలో ఒక్కటే పెట్రోమాక్స్ లైటు వేలాడేది. పెళ్లి గిట్టనివాడు కుర్చీ ఎత్తి దానికేసి కొట్టేవాడు. అంతే, చీకటి, ఆడవాళ్ల అరుపులు, ఎవడి గుద్దు ఎవడికి తగిలిందో తెలీదు. మర్నాటికి పెళ్లికూతురు పుట్టింట్లోనే ఉండేది. రెండిళ్లూ మళ్లీ మొహాలు చూసుకునేవి కావు. అలా ఆగిపోయిన పెళ్లిళ్లు నా చిన్నప్పుడు మూడు చూశాను. నాలుగోది చెయ్యబోయింది నేనే. ఏం, అలా చూస్తావేం? పెళ్లికూతురు మీ నాయనమ్మే. మా బాబాయి కూతురు గలీలా.

దాచడమెందుకు, ఈ వయసులో ఎవడు కొడతాడు నన్ను. మనలో బాబాయి కూతురి మీద మొదటి హక్కు అన్నకొడుకుదే కదా, గలీలా నాదేనని చిన్నప్పట్నుంచీ ఇంట్లో అందరూ అంటూనే ఉన్నారు. తీరా మీ తాత ఫిక్రీ వచ్చాడు. రేవులో గుమాస్తా, బూట్లకు పాలిష్. మా బాబాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వాడికి ఆఫీసులో కుర్చీ ఉంది, నీకేముందిరా?" నిజమే, నేను వడ్రంగి కొట్లో కుర్చీకాళ్లు చెక్కేవాణ్ని, కూచోడానికి నాకు ముక్కాలిపీట. ఆ మాట ఇక్కడ గుచ్చుకుంది. సరే, నీ కూతురి పెళ్లికి కుర్చీతోనే జవాబు చెబుతాననుకున్నాను. ఎవరితోనూ అనలేదు. అయినా పెళ్లినాటి సాయంత్రం పందిట్లో కుర్చీలు వేస్తూ షలబీ నా మొహం ఒక్కసారి చూశాడు, అంతే.

షర్బత్ పంచుతున్నారు. లేచాను, నా కుర్చీ వీపు పట్టుకుని ఎత్తాను. రాలేదు. బలమంతా పెట్టి గుంజాను. గుంజితే వరసంతా కదిలింది. మా మేనమామ, ఆయన పక్కన మసీదు ఇమాం, ఆ పక్కన లావుపాటి రొట్టెలాయన, షర్బత్ గ్లాసులతో సహా అందరూ ఒక పక్కకి ఒరిగారు. కిందికి చూస్తే కుర్చీకాళ్లకు తాడు. ప్రతి వరసకీ తాడు. అందాకా ఊళ్లో ఎవడూ అలా కట్టలేదురా, ఆ రోజు నా ఒక్కడి కోసం కట్టాడు. పందిరంతా నవ్వు. "ఏరా తుహామీ, మామను ఎత్తుకెళ్తున్నావా?" అని ఎవడో. చచ్చిపోవాలనిపించింది. అప్పుడు షలబీ వచ్చాడు, చేతిలో తన కుర్చీ, ఇదే, దీనికి మాత్రం తాడు లేదు. "విసరాలనుంటే ఇది విసురు" అని నా ముందు పెట్టాడు. లైటు చూశాను. దాని కింద గలీలా నన్నే చూస్తోంది. నా చేతులు లేవలేదు. ఆయన నన్ను అందులో కూచోబెట్టి, తను నేల మీద కూచుని, నా మోకాలి మీద చెయ్యేశాడు. పెళ్లికూతురు పందిరి దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. మర్నాడే పిలిచి ఈ కొట్లో పనిలో పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. "పెళ్లిలో తాడు కట్టాలిరా. చావింట్లో మాత్రం కట్టకూడదు. ఏడ్చేవాళ్ల దగ్గరికి ఎవడైనా కుర్చీ జరుపుకుని కూచోవాలనుకుంటే తాడు అడ్డం రాకూడదు." ఇన్నేళ్లుగా అలాగే చేస్తున్నాను. నిరుడు మీ తాత పోయినప్పుడు పందిట్లో కుర్చీలు వేసింది నేనే కదా, ఒక్కదానికీ తాడు కట్టలేదు. లోపల ఆడవాళ్ల వైపు తలుపు తీసి ఉంది, మీ నాయనమ్మ కనబడుతూనే ఉంది. చివరి వరసలో కూచున్నాను. నా కుర్చీకి తాడు లేదు. అయినా జరపలేదు.

టీ చల్లారిపోతోంది, తాగు. ఎన్నన్నావు, నూటయాభైయా?