రాళ్లకుప్పలో మూలా మూలా

రాత్రి ఇసుకగాలికి ఎడారిలోని ఆయిర్ కొండల దగ్గర ఓ బావి గోడ కూలిపోయింది. పొద్దున్నే, అక్కడే మేకలు కాసుకునే అక్కాతమ్ముళ్లిద్దరూ బావి గట్టున నిలబడి వాదులాడుకుంటున్నారు.

"గోడ రాళ్లన్నీ లోపల పూడిపోయాయక్కా. ఈ పక్కనున్న కుప్ప తీసి మళ్లీ కడదాం."

"దానిమీద చెయ్యి వెయ్యకు ఖామిద్. అందులో మూలా మూలా పిట్ట గూడుంది."

"గుప్పెడు పిట్ట కోసం మేకల గొంతు ఎండగడతావా?"

"ఎందుకు ఎండగడతాను? వాగు దాటి ఆ గుట్ట దగ్గర్నుంచి తెద్దాం రాళ్లు."

"అంత దూరమా! నీ మొండితనానికి ఒంటెలు కూడా సిగ్గుపడతాయి."

"పడనీ. మొదట పెట్టిన గుడ్లు పాము మింగేసిందిరా. అయినా ఇక్కణ్ణుంచి కదల్లేదది. గులకరాళ్లు ఒక్కొక్కటే ముక్కుతో తెచ్చి, గూటి ముందు పేర్చుకుని మళ్లీ పెట్టింది. ఇప్పుడు పిల్లలు."

"అసలు బావే వదిలేసి దక్షిణానికి పోదామంటున్నా. అందరూ పోయారు."

"నువ్వూ పో. గుడారం నాది, మేకలు నావి. నేనిక్కడే తవ్వుకుంటాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

అంతలో తెల్ల నెత్తి నల్లపిట్ట, నోట్లో మిడతతో వాళ్ల కాళ్ల పక్కనుంచే కుప్పలోకి దూరింది. లోపల పిల్లలు కీచుకీచుమని ఒకటే గోల.

"అబ్బో, ఎంతాకలో వీటికి! సరే, గాడిదని విప్పక్కా."

"దక్షిణానికా?"

"గుట్టకి. ఆ రాళ్లన్నీ నా నెత్తిన పెడదామనుకున్నావా ఏం?"