ముల్లు మీద గంధం బొట్టు

"తాతా, ఈ బండి మీటరు అద్దం మీద గంధం ఎవరు పూసినారు? తుడిచేదా?"

తుడవద్దు, తుడవద్దు! చెయ్యి తీ పాపా. అది మీ అవ్వ పెట్టింది. ఇంకా చీర మార్చుకుంటా ఉండాది, వచ్చేవరకు చెప్తాను, కూర్చో. మూఢనమ్మకం అని లేస్తావు నువ్వు. ఆ మాటలన్నీ కాలేజీ గేటు కాడ పెట్టుకో. ఇది ఇంజను సంగతి.

ఇది హీటు మీటరు గదా. కింద చల్లన, పైన ఎర్ర గీత. ముల్లు నడిమధ్యలో నిలబడితే ఇంజను బాగుండాదని అర్థం. పోయిన ఏడు ఆయుధ పూజ అయినాక... లే, వెంటనే కాదు, దీపావళికి ముందర, ఈ ముల్లు ఆడను మొదలుపెట్టింది. ఉన్నట్టుండి కిందకు పడిపోతుంది, మళ్లా లేచి ఎర్ర గీత కాడికి పోతుంది. నేను బండి పక్కకు తీసి నిలిపి చూస్తే పొగ లేదు, ఆవిరి లేదు. ఏమీ లేదు.

మీ పెద్దవ్వ ఉండాది గదా, మీ అవ్వకు అక్క, ఏ. పళ్లిపట్టి ఊళ్లో. పడక మీద ఉండాది పాపం. కోడలు పెడితే నోరు తెరవదు, మీ అవ్వ పోయి కలిపి పెడితేనే తింటుంది. మీ అవ్వకేమో మోకాళ్లు పోయినాయి, బస్సు మెట్టు ఎక్కలేదు. ఈ బండి లేకుంటే అక్క మొగం చూసేది లేదు. ఆమె అంగడికి పోదు, సినిమాకు పోదు, బండి ఎక్కేది దానికే.

మెకానిక్ సెల్వం కాడికి తోలుకోని పోయినాను. మంచోడే. నీళ్ల దారి తెరిచి మూసే చిన్న వాల్వు ఉంటాది, థర్మోస్టాట్ అంటారు, అది మార్చినాడు. ముల్లు మళ్లా ఆడింది. "అయ్యా, ఇంజను విప్పాల, తల కాడ గ్యాస్కెట్ పోయినట్టు ఉండాది" అన్నాడు. మీ నాయన బెంగళూరు నుంచి ఫోనులో ఒకటే అరుపు. "ముసలి బండి, ముసలి డ్రైవరు. అమ్మేయి నాయనా, దారిలో నిలిచిపోతే ఎవరు వస్తారు?" అని. ఊరికే అన్లే, కారిమంగళంలో ఒకాయనకు చెప్పేసినాడు గూడా. ఆదివారం చూడను వస్తానన్నాడు ఆయన. ఆ పొద్దు మీ అవ్వ చేసిన కూరలో ఉప్పు లేదు, అంతే.

నేను అంగడికి వ్యాను తోలినోణ్ణి గదా, పెండ్లికి ముందు నుంచి. కూర్చోని ఆలోచన చేసినాను. పొయ్యి మీద ఎసరు పెడితే కాగను ఎంతసేపు పడుతుంది? దించితే చల్లారను ఎంతసేపు? ఇంజనులో నీళ్లు కూడా అంతే గదా. ఈ ముల్లేమో కన్ను మూసి తెరిచేలోపల పైకి పోతుంది, కిందికి వస్తుంది. నీళ్లు అట్ల కాగవు. అంటే కాగేది ఇంజను కాదు, అబద్ధం చెప్పేది ముల్లు. సరే, అది కూడా ఊరికే నమ్మకూడదు. శనివారం తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి చూసినాను. వేడిమీద తీయొద్దు పాపా, మొగం కాలిపోతుంది, జ్ఞాపకం పెట్టుకో. నీళ్లు నిండుగా ఉండాయి. యాడా కారలే. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనెలో నీళ్లు కలవలే. మూత పెట్టి స్టార్ట్ చేసి కాగనిస్తే, ఫ్యాను దాని టైముకు అది తిరిగింది.

ఇంక మిగిలింది వైరు. మీ అవ్వను పిలిచి సీటులో కూర్చోపెట్టినాను. "ముల్లు చూసి చెప్పు" అన్నాను.

"నాకేం తెలుసు మీ ముల్లు సంగతి?"

"లేచిందా పడిందా చెప్పు చాలు. పాల పొంగు చూస్తావు గదా, అట్ల."

నేను బానెట్ కింద ఒక్కో వైరు కదిలించినాను. "ఇప్పుడు?" "ఊహూ." "ఇప్పుడు?" "లేదయ్యా, ఎన్నిసార్లు అడుగుతావు?" వేడి కనిపెట్టి ముల్లుకు చెప్పే సెన్సారు వైరు పట్టి కదిలిస్తే, "అయ్యో, పైకి పోయింది! పడింది! మళ్లా లేచింది! చెయ్యి తీ, పేలుతుందేమో!" అని తలుపు తీసుకోని దిగేసింది.

ఇంజను ఆపి, సెన్సారు మీద రబ్బరు టోపీ పీకి చూసినాను. లోపల ఆకుపచ్చగా తుప్పు. దాని మీద ఎండిపోయిన గంధం, ఇంత కుంకం.

నీకు తెలుసు గదా, ఆయుధ పూజకు మన ఇంట్లో కొడవళ్లు, కత్తెర, తక్కెడ, మిక్సీ, అన్నిటికీ బొట్టు పెడుతుంది. బానెట్ తెరిచి ఇంజనుకూ పెడుతుంది. పోయిన ఏడు కడిగేటప్పుడు ఆ రబ్బరు టోపీ ఊడినట్టు ఉండాది. ఇత్తడి మూతి, దీపం కుంది మాదిరి తళతళ అంటా ఉంటాది. ఇత్తడి కనపడితే మీ అవ్వ వదుల్తుందా? నిండుగా గంధం పూసి, టోపీ మళ్లా నొక్కేసింది. తడి లోపలే నిలిచిపోయింది.

నేను చెప్పలే. నా పక్కన నిలబడి తనే చూసింది.

"అక్క కాడికి పోనీకుండా నేనే చేసుకున్నానా?" అనింది.

"నువ్వు మంచికే గదా పెట్టినావు."

"పెట్టిన బొట్టు తుడిస్తే దోషం కదయ్యా?"

నువ్వుంటే చెప్పి ఉంటావు, గంట సేపు. నేను తుప్పు గీకే ఉప్పుకాగితం తీసి చేతిలో పెట్టుకోని నిలబడినాను. అప్పుడు తనే కొంగుతో తుడిచింది, కళ్లకద్దుకోని. "ఇప్పుడు నువ్వు గీకు" అనింది. గీకి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, క్లిప్పు గట్టిగా నొక్కి పెట్టినాను. సోగత్తూరు కాడ స్పీడ్ బ్రేకరు మీద కావాలనే దడదడ పోనిచ్చినాను. ముల్లు కదల్లే.

ఆదివారం కారిమంగళం ఆయన వచ్చినాడు. గేటు కాడనే మీ అవ్వ, "బండి అమ్మేది లేదయ్యా. దూరం నుంచి వచ్చినారు, కాఫీ తాగి పోండి" అనింది. పాపం, తాగి పోయినాడు.

ఇంక ఈ ఏడు పూజ. పళ్లెంలో గంధం కలుపుకోని వస్తా ఉంటే నేను పోయి బానెట్ కాడ నిలబడినాను. చక్రాలకు పెట్టింది, బానెట్ పైన పెట్టింది. లోపల చెయ్యి పెట్లే. వచ్చి ఈడ కూర్చోని, "స్టార్ట్ చేయి" అనింది. ఎందుకు అంటే, చేయమంటే చేయి అనింది. ముల్లు మెల్లగా లేచి మధ్యకు వచ్చేవరకు పళ్లెం ఒళ్లో పెట్టుకోని కాచుకోనుండింది. అది నిలబడిన చోట, సరిగ్గా ఆడ, అద్దం మీద బొట్టు పెట్టింది. "ఈడనే ఉండు, మా అక్క కాడికి పోవాల" అనింది ముల్లుతో.

నాకూ సులభమైపోయింది. ముల్లు బొట్టు వెనకాల దాక్కుంటే బండి బాగుండాది. బయటకు కనిపిస్తే నిలపాల. అంతే. అందుకే తుడవద్దన్నాను.

అదో వచ్చింది, అక్కకు అన్నం క్యారియరు పట్టుకోని. ఇంద తాళం, ఈ పొద్దు నువ్వే నడుపు. నువ్వు యాడికి పోవాలన్నా బండి ఉండాల తల్లీ, పోయిన చోట నీ కోసం కాచుకోనుండే మనిషి ఉండాల. ఇంకేం కావాల... మెల్లగా పో, సోగత్తూరు కాడ ఆ స్పీడ్ బ్రేకరు ఉండాది, అవ్వ మోకాళ్లు...