సన్యాసి ఏరేసిన బాంబులు

"కూకోండి టీచరమ్మా. మీ నలభైమంది పిల్లల్నీ రేపు నిబ్బరంగా తెండి. ఈ పార్కు వాచ్‌మేన్ని, సన్యాసిని, నేనున్నాను కదేటి. ఒకప్పుడు ఈ సరుగుడు తోటలో మిలట్రీవోలు తుపాకులు కాల్చడం నేర్సుకునీవోరు, నిజవే. పేలని గుళ్లు ఇసకలో ఉండిపోనాయని ఆ ఎర్రతాడు కట్టి బోర్డు ఎట్టినారు, అదీ నిజవే. కానీ అవన్నీ ఏరీసిందెవులు?"

"నువ్వేనేటి మావా?" అంది టీకొట్టు చిన్నతల్లి గ్లాసులు కడుగుతూ.

"మరెవులు? ఓపాలి తుడుత్తంటే సీపురికి ఇనపముక్క తగిలింది. తీసి పక్కనెట్టినాను, అంతే. మర్నాడు కొబ్బరిబొండమంత గుండు. సెవి ఆనిస్తే లోపల టిక్కు టిక్కుమంటంది. 'ఊరుకో, పిల్లలొత్తారు' అన్నాను. ఊరుకుంది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? తాటిసెట్టంత బాంబు బయటపడింది. అది పేలితే సుమ్మాదేవి స్టేషనెల్లి టెక్కలిలో పడతాది. భుజానెత్తుకుని సముద్రంలోకి పరిగెత్తినాను. మెడలోతు దాటినాక నీటి అడుగునే నడిసినాను."

"ఊపిరి?" అంది చిన్నతల్లి.

"ఊపిరికి టైమెక్కడిదే? మైలు దూరం ఇసిరీసినాను. పేలింది. ఆ పూట డొంకూరోలి వలల్లో ఉడికిన సేపలే పడ్డాయి, ఉప్పు కూడా సరిపోయింది. మిలట్రీ పెద్దాఫీసరు హెలికాప్టర్లో దిగి సెల్యూట్ కొట్టి, 'సన్యాసిగారూ, మాకు రెండు బాంబులన్నా ఉంచండి' అన్నాడు. అంచేత టీచరమ్మా, ఆ తాడు ఇప్పుడు ఉత్త అందానికే."

దీప్తి టీచరు టీ గ్లాసు కింద పెట్టింది.

"మాదీ ఉద్దానమే మావా. ఇందాక తాడు దగ్గర నిలబడి చూశాను. అవతల జీడిచెట్ల కింద పిక్కలు రాలి నేల కనబడటం లేదు. మన ఊళ్లలో రాలిన జీడిపిక్క పొద్దెక్కేదాకా నేలమీద ఉండడం ఎప్పుడైనా చూశావా? బాంబులన్నీ ఏరేసినవాడివి, ఆ పిక్కలెందుకు ఏరలేదు?"

చిన్నతల్లి నవ్వాపుకోలేక అటు తిరిగింది. సన్యాసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"తాడుకి ఇవతలే ఆడించండమ్మా. ఇవతలంతా మిలట్రీవోలు మిషన్లెట్టి రెండుసార్లు ఎతికినారు, నేను సూసినాను. అవతల ఇంకా ఎతకలేదు."

"పిల్లలు జీడిపళ్లు చూస్తే ఆగరు మావా."

"నేను తాడు కాడే నించుంటాను. ఒక్కడినీ దాటనివ్వను."

ఆమెకి మనసు కుదుటపడింది. "ఈ మాట కోసమే వచ్చాను. రేపు తొమ్మిదింటికి తీసుకొస్తాను," అంది.