గాజు బీరువాలో అక్క

గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫాలోని ఆ విల్లాలో మొగుడు డ్రైవరు, పెళ్ళాం పనిమనిషి. బాబా అని వాళ్ళు పిలిచే యజమాని పాత బంగారు నాణేలు దాచుకున్న గాజు బీరువాను ఆమె తుడుస్తోంది. అతను కారు తాళాలతో గుమ్మంలో నిలబడ్డాడు.

“యో, ఒక తూరి ఇట్ల రా. ఈ కాసు మీద అక్క ఉండాది.”

“నీ మొగం. అది రోము రాణి అని బాబా చెప్పలే? రెండువేల ఏండ్లదంట.”

“నిన్న దేవత బొమ్మ పైకుండె. ఈ పొద్దు రాణి పైకుండాది. బాబా లండన్‌లో ఉండాడు, బీరువా బీగంచెవి నా కాడుండాది. ఎవరు తిప్పినారు?”

“నువ్వే తిప్పింటావులే. యల్లా, పొద్దాయ, నేను బడికాడికి పోయి బాబా పిల్లోల్లను తేవాల.”

“మన పెండ్లినాడు, చచ్చిపోయిన నీ మొదటి పెండ్లాం, అక్క బొమ్మతో బంగారు బిళ్ళ చేయించి నా మెడలో కట్టిస్తివే, అచ్చం ఆ ముక్కే, ఆ కొప్పే. వీసాల కోసరం దాన్ని అమ్మేస్తివి. మన ఎనకాలే వచ్చినట్టుండాది.”

“పిచ్చి మాటలాడొద్దు.”

“బిళ్ళ మీద లేనిది ఒకటుండాది దీనికి. మెడ మీద గాటు.”

అతను గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“చెవి కిందనా?”

“చెవి అని నేను చెప్పలేదే. అక్క జ్వరంతో పోయెనంటివి గదా?”

అతను తాళాలు గుమ్మంలోనే వదిలేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.