ఎడమకి దూకమన్నది ఎవరు

ఇంట్లో నాన్న, మావయ్య, గుమ్మం బయట నేను ఉన్నాం. ఆదివారం భోగాపురం జట్టుతో ఆట. మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌ని ఎంచే పని అభిమానులంతా నాన్నకు అప్పగించారు.

“తిరుమలరావుని పెట్టు బావా.”

“ఆడా? బంతి కంటే కుర్రోళ్లనే ఎక్కువ తంతాడు.”

“మరి నువ్వు పరిగెడతావేటి, ఆ బొజ్జేసుకుని?”

“ఎటకారం ఆపు.”

“మొన్న పెనాల్టీకి గోల్‌కీపర్ని ఎడమకి దూకమని సెప్పింది ఆడే గదా! అందుకే గెలిసాం.”

“అదీ నిజమే. ఆ మాట సెప్పినోళ్లే కోచ్. ఇంక మాట్లేదు.”

నేను గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాను.

“అది రాణక్క సెప్పింది నాన్నా. తిరుమలరావు బాబాయి ఇని, గోల్‌కీపరుకి సెప్పినాడు. నేను పక్కనే ఉన్నాను.”

“సేపలమ్మే రాణియా?”

“కాలేజీ జట్టుకి ఆడింది మావయ్యా. రాణక్కనే పెట్టండి.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“తిరుమలరావు పేరే రాసేద్దాం బావా,” అన్నాడు మావయ్య.

నాన్న లేచి వచ్చి, నా ముఖం మీదే తలుపు వేశాడు.