మీసం తీసిన రాణి

"తాతా, ఒమన్‌ల నువ్వు రాణి వేషం కట్టినవట గదా, ఆ ముచ్చట చెప్పవా?"

నీకెవలు చెప్పిన్లు బిడ్డా, మీ నాయినమ్మనేనా? ఆమె సగం చెప్తది, సగం నవ్వుతది. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు పెట్టు. జర గొంతు సవరించుకోనియ్యి.

మా బాపు భాగోతం పంతులు. పంతులంటే బడి పంతులు గాదు, ఊర్లె భాగోతం నేర్పెటాయన. పగలు ఎవుసం, మాపటికి తాళాలు. నాకు గజ్జె కట్టిననాడు మూతి మీద నూగు సుత రాలే. గొంతు సన్నగుండె, నడుము గింతే ఉండె... గిప్పుడు సూడకు, అప్పటి ముచ్చట చెప్తున్న! అందుకే నాకు ఆడి వేషమిచ్చిన్లు. కొడుకును దేవులాడుకుంట అడవులవడ్డ రాణి కథ, మా బాపు సొంతంగ కట్టింది. తెర కిందికి దించి నేను కనవడంగనే ముసలవ్వలు కొంగుతోని కండ్లు తుడుసుకునేటోళ్లు. అవుతలి ఊరాయన ఒగాయన, "పంతులూ, మీ పిల్లను మా పోరనికిస్తవా?" అన్నడు. మా బాపు ఏమన్నడో ఎర్కనా? "ఇయ్యొచ్చు గని, దానికి బీడీ అలవాటున్నది" అన్నడు. ఇగ ఊరంత నవ్వుడే నవ్వుడు.

ఆఁ, ఒమన్ గదా. యాడికో పోయిన. ఎన్కకు బాయిలెండిపాయె, భాగోతం సూసెటోళ్లు టీవీల ముంగట కూసునుడాయె. నేను సెంట్రింగ్ పనికి ఒమన్ పోయిన. గజ్జెలు సూట్‌కేసుల ఏసుకున్న. ఎయిర్‌పోర్టుల అవి తీసి, ఇదేందని అడిగిన్లు. నాకు హిందీ రాకపాయె, ఆడనే రెండడుగులేసి సూపిచ్చిన. నవ్వి తోలిచ్చిన్లు.

అయితే ఆ గజ్జెలు పెట్టెల్నే ఉండె, ఏండ్లకేండ్లు. రెండువేల ఎనిమిదో తొమ్మిదో, గప్పుడు మా సైట్ సమాయిల్ అనె ఊర్లె. క్యాంపు ఖర్జూర తోటల పక్కపొంటి. మన దిక్కోడే రాజం అనె మేస్త్రి, డోలకు మంచిగ కొడ్తడు. ఒగనాడు అన్నం తినుకుంట నేను రాణి పాట తీస్తె, వాడు పళ్లెం మీద తాళమేసిండు. గంతే, శుక్కురారం సెలవు గదా, మెస్ హాల్ల ఆడుదామన్నడు. సరేనన్న గని, లోపల ఒక్కటే భయం. గొంతున్నదా పోయిందా? కాళ్లాడుతయా? ఈపారి ఆడకపోతె ఇగ జన్మల గజ్జె కట్టనని నాకు ఎర్కనే.

బేస్తారం డ్యూటీ దిగినంక మీసం తీసిన. మీసంతోని రాణి ఎట్లుంటది మరి? తెల్లారి గాజులు, పౌడరు కొననీకి సమాయిల్ దుకాండ్లకు పోయిన. ఎండకు నెత్తికి రుమాల్ సుట్టుకున్న. దుకాండ్ల కాడ మనోళ్లు నా మొకం దిక్కు, ఒగల మొకం ఒగలు సూసుకుంటున్లు. ఒగడైతే భుజం మీద చెయ్యేసి కండ్లల్ల నీళ్లు తీసిండు. నా వేషానికి గింత సంబురపడుతున్నడా అనుకున్న నేను!

పొద్దుగూకంగ తయారైన. చీర అజైబా ఊర్లె వంటపని చేసే కడప అక్కది. తెర సందుల నుంచి సూస్తె హాల్ల పురుగు లేదు. జనమంత బయట తలకాయలు దించుకొని కూసున్నరు. రాజం ఉరికొచ్చిండు.

"అన్నా, బాపు పోయిన పూట గజ్జె కడుతవా? మతుండే చేస్తున్నవా?"

"ఎవలు చెప్పిన్లురా?"

"నీ మూతే చెప్తున్నది గదనే!"

మన దిక్కు తండ్రి పోతె గదా బిడ్డా, గుండు చేసి మీసం తీసేది. నెత్తి మీద రుమాలుండె, లోపల గుండో ఎంటికెలో ఎవలికెర్క? రాజం వాళ్ల ఊర్లె ఆడి వేషం మీసం రాని పోరగాళ్లే కడ్తరట. నాకు నవ్వు రావాలె గదా? రాలే. నిజంగనే పోయిండేమో, ఇంటికెల్లి వీళ్లకు ఫోనొచ్చిందేమో, నాకే చెప్తలేరేమో! చీర మీదనే రాజం ఫోన్ గుంజుకొని ఊరికి కొట్టిన.

"ఆఁ, ఎవలూ?"

మా బాపే!

"బాపూ, బతికే ఉన్నవా?"

"ఉన్న గని, పొద్దటి సంది ఊరోళ్లు అచ్చి నా మొకం సూసుడు, ఏమనకుంట మర్లి పోవుడు. చాయ తాగనిస్తలేరు. నాకేమయిందిరా?"

దుకాండ్ల కాడ నన్ను సూసినోళ్లు ఊరికి ఫోన్లు కొట్టిన్లన్నట్టు. ఇగ నేను మీసం సంగతి చెప్పిన. నవ్విండు, నవ్విండు, దగ్గొచ్చేదాక నవ్విండు. నేనేమో ఏడుస్తున్న, రాణి కాటిక చెంపల మీదికి కారవట్టె. ఫోన్ మొత్తుకునేదాంట్ల, గదే స్పీకర్ల, పెట్టి అందరికి ఇనిపిచ్చిన. "సచ్చినోన్ని చెప్తున్న, లేసి ఆడున్లిరా!" అన్నడు. బయట జనం లేసి ఈలలే ఈలలు.

"ఫోన్ పెట్టకు, నేను సుత ఇంటా" అన్నడు. గప్పుడు కార్డు గీకి మాట్లాడుడు గదా, కార్డుల పైసలు ఊకెనే అయిపోయేటియి. తలా ఒగడు జేబుల కార్డు తీసి రాజం ముంగట ఏసిండు. తెర కట్టెకు ఫోన్ కట్టిన్లు. తెర దించి నన్ను సూపిచ్చిన్లు. మొదటి మాటకు నా గొంతు పలిగింది బిడ్డా. రెండో మాటకు... అచ్చింది! ఎన్నడో పోయిందనుకున్న గొంతు అచ్చింది. కేరళోళ్లు, బంగ్లాదేశోళ్లు సుత, మాట తెల్వకున్నా, కొడుకు దొరికేకాడ కండ్లు తుడుసుకున్నరు.

అయినంక రొప్పుకుంట ఫోన్ అందుకున్న. "బాపూ, ఎట్లున్నది?"

"అడవిల నడిసేకాడ తాళం గుంజినవురా. అచ్చే శుక్కురారం మల్ల కట్టు, సరిజేసుకుందువు" అన్నడు.

ఆ మాటకు కడుపు నిండినట్టు ఏ అన్నానికి నిండలే నాకు. ఒమన్ల ఉన్నన్ని రోజులు ఆడిన, సువైక్‌ల సుత ఆడిన. ఆయన ఉన్నన్ని రోజులు ఏదో ఒక తప్పు తీసిండు.

నువ్వు సుత పాట నేర్సుకుంటున్నవంట గదా? నేర్సుకో. సల్లగుండు బిడ్డా. నీ తప్పు నీకు చెప్పెటోళ్లు నూరేండ్లు బతకాలె.