మేజర్ సాబు తాళం

సైన్యం ఆయుధాల డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు ఇతరుల తుపాకులకు నూనె రాసిన మేజర్ భీంరావు, రిటైరై బాన్సువాడ వచ్చాక ఊరుకోకుండా సొంతంగా, తాళం తీస్తే తప్ప పేలని ఒక తుపాకి కనిపెట్టాడు. దాన్ని పరీక్షించడానికి కర్నల్ జగన్మోహనరావు ఇంకో ఇద్దరితో వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. ఖాళీ తుపాకి వాళ్ల చేతికిచ్చి, గోలీల కోసం మేజర్ లోపలికి వచ్చాడు. వంటింట్లో భార్య గంగుబాయి చాయ్ కాస్తోంది.

“గంగూ, ఐదు గోలీలుండాలె. నాలుగే ఉన్నయ్.”

“బీపీవా? డబ్బలనే ఉన్నయ్ సూడు.”

“గా గోలీలు కాదే. తుపాకివి. అల్మారల పెట్టిన.”

“ఆ... చాయ్‌ల అల్లం దంచాల్నా?”

“అల్లం సంగతి తర్వాత. సూసినవా?”

“సూసిన. మంచిగ మెరుస్తున్నయ్. అవుగాని, ఇయ్యాల పరీక్ష వద్దనరాదు? మంగళవారం గూడ.”

“మూడేండ్ల కష్టం గంగూ. తెల్వనోడు ఎంత గుంజులాడినా నా తాళం రావద్దు. గదే పరీక్ష. వచ్చిందా, ఇగ తుపాకి మూట గట్టుకొమ్మంటరు.”

“ఎవరు గుంజులాడినా?”

“ఎవరన్న సరే.”

“ఆడోళ్లయినా?”

“నడుమ ఆడోళ్లెందుకొచ్చిన్రు?”

“ఊకెనే అడిగిన.”

“డిపోల ఓ కొత్త జవాను చేతిల తుపాకి ఉత్తగనే పేలింది. వాని కాలు పోయింది. గా తుపాకి వాపస్ తీస్కొని సంతకం పెట్టింది నేనే. ఆనాటి సంది నాకు మనసున పట్టలే. గందుకే ఈ తాళం. నీకు ఆట లెక్కుంది.”

“ఆట లెక్క ఏం లేదు. ఒక్క మాట జెప్త, కోపం జేయొద్దు.”

“జెప్పు.”

“మొన్న నువ్వు పిట్లం వోయినప్పుడు ఇంటెనక మక్క చేన్ల అడివిపంది జొచ్చింది.”

“జొస్తే?”

“ఆకాశం దిక్కు పేల్చిన. ఉరికింది.”

“దేనితోని?”

“చాయ్ పొంగుతుంది, పక్కకు జరుగు.”

“గంగూ. దేనితోని?”

“నీ దానితోనే.”

“తాళం?”

“తీసిన.”

“ఎట్ల తీసినవే?”

“కుక్కరు మూత లెక్కనే ఉంది. జర ఒత్తి తిప్పితే వచ్చింది. ఆర్నెల్లు నా వంటింట్ల నిలబడి కుక్కరు మూత సూసుకుంట బొమ్మలు గీసిందెవరు? నా పప్పు మాడిందెవరి వల్ల?”

“ఇజ్జత్ అంత మట్టిల గలిసె. కర్నల్ సాబుకు ఏం మొఖం సూపియ్యాలె?”

“ఎందుకు జెప్తవ్? అవుగాని, నువ్వెన్నడన్న పేల్చినవా దాన్ని?”

“నాకు పేల్చుడెందుకు? లెక్కంత కాగితం మీదుంది. పుణెల ఫిట్టరు చేసి పంపిండు.”

“తాళమన్న తీసినవా?”

“అది... నువ్వు మాట మార్చకు.”

“మేజర్ గారూ, లోపలికి వినపడుతోందా? పది నిమిషాల నుంచి ముగ్గురం కుస్తీ పడుతున్నామండీ. ట్రిగ్గర్ కదిలితే ఒట్టు. మీ తాళం గెలిచింది.”

“విన్నవా? కర్నల్ సాబే అంటుండు. గాళ్లు ఇంట్ల కుక్కరు ముట్టినోళ్లు కారు.”

“గెలిచిన గంగూ. నేను గెలిచిన.”

“ఇక మీరే పెరట్లోకి వచ్చి, తాళం తీసి ఒక్కటి పేల్చి చూపించండి. ఇప్పుడే సంతకం పెట్టేస్తాం.”

“వస్తున్న సార్, ఒక్క నిమిషం... గంగూ, ఇటు రా. మెల్లగ జెప్పు. ఒత్తినంక ఏ దిక్కు తిప్పినవ్?”